ఎడిస్టోన్ లైట్‌హౌస్‌ని నాలుగుసార్లు ఎందుకు కట్టాల్సి వచ్చింది?

ఇంగ్లాండు దక్షిణ తీరంలో ప్లిమత్ పెద్ద రేవు. నేవీ ఓడలు, అమెరికా నుంచి పొగాకు తెచ్చే వర్తక ఓడలు దాని ముందు నుంచే పోవాలి. ఆ రేవుకు నైరుతి దిక్కున, 20 కిలోమీటర్లు పైబడిన దూరంలో, నడిసముద్రంలో ఎడిస్టోన్ బండలున్నాయి. ఉన్నాయని రేవులో అందరికీ తెలుసు. కంటికి కనబడేది మాత్రం రోజులో కొన్ని గంటలే. పోటు వచ్చిందంటే దాదాపు అన్నీ మునిగిపోతాయి, ఆటు వేళ నైస్ అనే రకం ఎర్రటి రాతి మొనలు కాసేపు బయటపడతాయి. చుట్టూ లోతైన నీళ్లు. అట్లాంటిక్ నుంచి దొర్లుకుంటూ వచ్చే అలకి మధ్యలో ఎక్కడా అడ్డు లేదు.

1698 నుంచి ఇప్పటిదాకా ఈ బండల మీద నాలుగు లైట్‌హౌస్‌లు వెలిశాయి. మొదటిదాన్ని తుఫాను తీసుకుపోయింది. రెండోది తగలబడింది. మూడోది బాగానే ఉంది గానీ దాని కింద రాయి చెడిపోయింది. నాలుగోది ఇప్పటికీ వెలుగుతోంది. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకి వీటిలో మూడోదాని కథ తెలిసే ఉంటుంది. జాన్ స్మీటన్ అనే ఆయన ఓక్ చెట్టు మానుని చూసి, అదే ఆకారంలో స్తంభం కట్టాడన్నది ఆ కథ. వినడానికి బాగుంటుంది, క్లాసులో చెప్పడానికి ఇంకా బాగుంటుంది. కానీ చెట్టు దగ్గరే ఆగిపోతే అసలు సంగతి జారిపోతుంది. ఆ స్తంభాన్ని 120 ఏళ్లకు పైగా నిలబెట్టింది ముఖ్యంగా రాయికీ రాయికీ మధ్య వేసిన అతుకు, ఆ అతుకులో పెట్టిన సున్నం. ఆకారం విషయంలోనైతే తర్వాతి ఇంజినీర్లు ఆయనతో విభేదించారు కూడా.

ముందు ఒక మామూలు సందేహం తీర్చుకుందాం. దీపం ఒడ్డు మీద పెడితే సరిపోదా? విశాఖలో డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది. కావాల్సిన ఎత్తు కొండే ఇచ్చింది, అల దాని దరిదాపులకి రాదు. అలాంటి దీపం నావికుడికి చెప్పేది 'తీరం ఇక్కడుంది, రేవు ఇటు' అని. ఎడిస్టోన్ దగ్గర చెప్పాల్సింది 'ఈ పక్కకి రావద్దు' అని. ఎక్కడో ఒడ్డున మిణుకుమనే దీపాన్ని చూసి, దానికి 20 కిలోమీటర్ల ఇవతల నీళ్ల కింద దాక్కున్న బండ ఎక్కడుందో చీకట్లో అంచనా కట్టడం అప్పటి కెప్టెన్ల వల్ల అయ్యే పని కాదు. దీపమంటే ఆ రోజుల్లో కొవ్వొత్తులో, బొగ్గు మంటో. అది అంత దూరం ఆనేదీ తక్కువే. దాంతో ఎడిస్టోన్‌కి భయపడి మరీ దక్షిణానికి జరిగి, ఫ్రాన్సు తీరం దగ్గరి రాళ్లకి కొట్టుకున్న ఓడలూ ఉన్నాయి. దీపం పెడితే ఆ బండ నెత్తినే పెట్టాలి, వేరే దారి లేదు.

మరి డబ్బెవరు పెట్టాలి? ఈ సంగతి చాలా కథనాల్లో కనబడదు గానీ, ఇది లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఇంగ్లాండులో లైట్‌హౌస్‌ల అధికారం ట్రినిటీ హౌస్ అనే సంస్థది. ఖర్చూ రిస్కూ ఎక్కువగా ఉన్నచోట అది ప్రైవేటువాళ్లకి లీజుకిచ్చేది. దారిన పోయే ఓడలు టన్నుకి ఒక పెన్నీ చొప్పున సుంకం కట్టాలి. దీపం వెలిగినన్నాళ్లే ఆ రాబడి. స్తంభం పోయిందంటే ఆ రోజు నుంచే నష్టం. ప్రతిసారీ బూడిద చల్లారకముందే మళ్లీ కట్టడానికి జనం పరుగెత్తడంలో దయాదాక్షిణ్యాలతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

మొదట దిగినవాడు హెన్రీ విన్‌స్టన్లీ. ఇంజినీరు కాదు. రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే కళాకారుడు. ఎసెక్స్‌లో తన ఇంటినిండా గమ్మత్తు యంత్రాలు అమర్చి జనానికి చూపించేవాడు, లండన్ పికడిల్లీలో నీటి ఆటల ప్రదర్శన నడిపేవాడు. ఆయన పెట్టుబడి పెట్టిన ఓడలు ఎడిస్టోన్ మీద పగిలాయని, ఆ కసితోనే ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు.

1696 వేసవి మొత్తం కష్టపడితే తేలిన పని ఎంతో తెలుసా? బండలో 12 రంధ్రాలు, వాటిలో నిలబెట్టిన 12 ఇనప కడ్డీలు. అంతే. రేవు నుంచి పడవలో గంటల తరబడి ప్రయాణం, తీరా చేరాక సముద్రం కాస్త నెమ్మదిగా ఉండి, నీళ్లు దిగి ఉన్నంతసేపే ఉలీ సుత్తీ పట్టుకోవాలి. చాలా రోజులు అసలు బండ మీద కాలు మోపకుండానే వెనక్కి తిరగాలి. మరుసటి ఏడాది ఇంకో ముచ్చట జరిగింది. అప్పుడు ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది. కాపలా ఓడ దగ్గర లేని సమయం చూసి ఫ్రెంచి దోపిడీ ఓడ ఒకటి వచ్చి విన్‌స్టన్లీని పట్టుకుపోయింది. సంగతి తెలిసి పద్నాలుగో లూయీ ఆయన్ని వదిలిపెట్టించాడు. తన యుద్ధం ఇంగ్లాండుతోనే గానీ మానవజాతితో కాదని ఆ రాజు అన్నట్టు చెబుతారు. ఎడిస్టోన్ పగలగొట్టేది ఇంగ్లాండు ఓడల్ని మాత్రమే కాదు కదా.

1698 నవంబరు 14న దీపం వెలిగింది. తీరానికి దూరంగా, అలలు కొట్టే బండ మీద మనిషి నిలబెట్టిన మొదటి లైట్‌హౌస్ అదే. ఆ చలికాలంలో అలలు దీపం గదినే ముంచెత్తడం చూసి, 1699లో విన్‌స్టన్లీ మొదలుని మరింత లావు చేసి, ఎత్తు కూడా పెంచాడు. కానీ ఆయనలోని ప్రదర్శనకారుడు ఊరుకోలేదు. పై భాగానికి మూలలూ కోణాలూ, బయటికి పొడుచుకొచ్చిన వసారాలు, అలంకారాలు, సామాను ఎత్తే దూలాలు. గాలికీ అలకీ పట్టు దొరకడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

ఎంత పెద్ద తుఫాను వచ్చినా ఆ రాత్రి తాను ఇందులోనే ఉండాలని ఆయన అనేవాడట. 1703 నవంబరు 26 రాత్రి ఇంగ్లాండు చరిత్రలోనే పెద్ద తుఫానుల్లో ఒకటి విరుచుకుపడింది. మరమ్మతుల కోసం వచ్చిన విన్‌స్టన్లీ అప్పుడు లోపలే ఉన్నాడు. తెల్లారేసరికి బండ మీద వంగిన కడ్డీలు కొన్ని తప్ప ఏమీ మిగల్లేదు. మనుషుల జాడ లేదు. కొద్ది రోజులకే, వర్జీనియా నుంచి పొగాకుతో వస్తున్న వించెల్సీ అనే ఓడ దీపం లేని అదే బండకి కొట్టుకుని పగిలింది.

విన్‌స్టన్లీని చాలామంది బొమ్మల కొలువు కట్టినవాడిగా తీసిపారేస్తారు. నాకది న్యాయంగా అనిపించదు. అక్కడ ఏదైనా కట్టొచ్చని ఆయన చూపించకపోతే తర్వాతివాళ్లు ఆ పడవ ఎక్కేవాళ్లే కాదు.

రెండో స్తంభం కట్టిన జాన్ రడ్యర్డ్ కూడా ఇంజినీరు కాదు, లండన్‌లో పట్టుబట్టల వ్యాపారి. కానీ తెలివైన పని చేశాడు. వూలిచ్ నుంచి ఓడలు కట్టే ఇద్దరు మేస్త్రీల్ని తెచ్చుకున్నాడు. వాళ్ల చేతిలో లైట్‌హౌస్ కూడా ఓడలాగే తయారైంది. కిందినుంచి పైకి సన్నబడే నున్నటి శంకువు, ఎక్కడా మూల లేదు, పొడుచుకొచ్చిన భాగం లేదు. లోపల బరువు కోసం గ్రానైట్ వరసలు, వాటి మధ్య కలప. బయట నిలువుగా ఓక్ పలకలు, సందుల్లో నార కూరి తారు. మొదటి స్తంభం చేసిన తప్పులన్నిటికీ ఇది జవాబు.

నాకు అన్నిటికన్నా నచ్చేది రడ్యర్డ్ ఆ స్తంభాన్ని బండకి బిగించిన తీరు. బండలో చేసిన రంధ్రాలు పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా ఉంటాయి. అందులో ఇనుము దింపి ఊరికే వదిలేస్తే ఉప్పునీరు దిగి, ఏడాదికల్లా తుప్పు పడుతుంది. అందుకని ముందు రంధ్రాన్ని తుడిచి, కరిగించిన కొవ్వుతో నింపారు. కాల్చిన ఇనప ముక్కల్ని అందులోకి దించారు. ఆ పైన కరిగించిన ప్యూటర్, అంటే తగరం ప్రధానంగా ఉండే మిశ్రమ లోహం, పోశారు. లోహం బరువు కాబట్టి అడుగుకి పోతుంది, కొవ్వు తేలిక కాబట్టి పైకి పొంగి బయటికొస్తుంది. లోహం పూర్తిగా నిండేసరికి లోపల నీటిచుక్కకి చోటుండదు. మూలల్లో కాస్త కొవ్వు మిగిలినా అది కూడా మంచికే. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత స్మీటన్ ఆ కడ్డీల్లో కొన్నిటిని తవ్వి తీస్తే, సందుల్లో కొవ్వు ఇంకా ఉంది, ఇనుము శుభ్రంగా ఉంది. బట్టల వ్యాపారి చేయించిన పని ఇది!

1708లో వెలిగిన ఈ దీపం 47 ఏళ్లు నడిచింది. కష్టాలు లేకపోలేదు. ఓడల కలపని తొలిచే సముద్రపు పురుగు కింది పలకల్ని తినేస్తూ ఉండేది, మారుస్తూ ఉండేవారు. మొదట్లో కాపలాదార్లు ఇద్దరే. ఒకసారి ఒకడు చనిపోతే, చంపావని తన మీదికి వస్తుందన్న భయంతో రెండోవాడు శవాన్ని సముద్రంలో వేయకుండా, పడవ వచ్చేదాకా అలాగే పెట్టుకుని కూర్చున్నాడని స్మీటన్ తర్వాత రాశాడు. ఆ తర్వాత ముగ్గురిని పెట్టడం మొదలైంది.

1755 డిసెంబరు 2 తెల్లవారుజామున దీపం గది పైకప్పు అంటుకుంది. ఏళ్ల తరబడి కొవ్వొత్తుల మసి, వేడి తగిలి ఎండిన కలప అది. అప్పుడు డ్యూటీలో ఉన్న కాపలాదారు హెన్రీ హాల్ వయసు 94 ఏళ్లని రికార్డు. బకెట్లతో నీళ్లు పైకి విసిరి ఆర్పాలని చూశాడు. పైకప్పు సీసపు రేకుది. అది కరిగి, తలెత్తి చూస్తున్న ఆయన మీద కురిసింది. మంట కిందికి దిగేకొద్దీ ముగ్గురూ ఒక్కో అంతస్తూ దిగుతూ, చివరికి బండలో ఒక గుంటలోకి చేరారు. ఒడ్డు నుంచి పడవ వచ్చి, తాడు విసిరి వాళ్లని నీళ్లలోంచి లాక్కుంది. ముగ్గురిలో ఒకడు నేల తగలగానే పరుగెత్తి పారిపోయాడు, మళ్లీ కనబడలేదు.

కరిగిన సీసం తన కడుపులోకి పోయిందని హాల్ పదేపదే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. మనిషి బతికి ఉన్నాడు, కాస్త తింటున్నాడు కూడా. పన్నెండో రోజు చనిపోయాడు. వైద్యుడు స్ప్రై కడుపు కోసి చూస్తే దాదాపు 200 గ్రాముల సీసపు ముద్ద దొరికింది. ఆయన ఆ సంగతి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి రాశాడు. అక్కడా నమ్మకపోతే, కుక్కల మీదా కోళ్ల మీదా ప్రయోగాలు చేసి మరీ తన మాట నిలబెట్టుకున్నాడు. ఆ ముద్ద ఇప్పుడు ఎడిన్‌బరోలోని స్కాట్లాండు జాతీయ మ్యూజియంలో ఉంది.

ఇక స్మీటన్. 1724లో లీడ్స్ దగ్గర పుట్టాడు. మొదట శాస్త్ర పరికరాలు తయారుచేసేవాడు, ముప్ఫై ఏళ్లు నిండకముందే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. లైట్‌హౌస్ యజమానుల్లో ఒకరైన రాబర్ట్ వెస్టన్, ఎవరిని పెట్టుకోవాలని సొసైటీ అధ్యక్షుణ్ణి అడిగితే ఈయన పేరు చెప్పారు. అప్పటికి స్మీటన్ పెద్ద కట్టడాలేవీ కట్టి ఉండలేదు. అయినా వచ్చీరాగానే రాయితోనే కడతానన్నాడు. ఎడిస్టోన్ మీద కలప తప్ప ఏదీ నిలవదని అనుభవజ్ఞులు గట్టిగా నమ్ముతున్న రోజులవి. కలప అలకి కాస్త వంగుతుంది, రాయి వంగదు, విరుగుతుంది అన్నది వాళ్ల వాదన.

స్మీటన్ వాదన ఇది: వంగాల్సిన పనేముంది? కదలనంత బరువుంటే చాలు. అయితే బరువు ఒకే ముద్దగా ఉండాలి. రేవు నుంచి ఒక్కో పడవలో తేగలిగిన రాయి ఒకటి రెండు టన్నులే. అల ఆ రాళ్లని ఒక్కొక్కటిగా పీకేయగలదు. ఎలాగంటే, పెద్ద అల కొట్టినప్పుడు నీళ్లు సందులోకి దూరి లోపలి గాలిని నొక్కుతాయి. అల వెనక్కి పోగానే ఆ గాలి ఒక్కసారిగా విప్పుకుని రాయిని బయటికి తోస్తుంది. ఇది ఏడాదికి ఎన్ని వేలసార్లో. కాబట్టి రెండు పనులు జరగాలి. ఒక రాయి కదలాలంటే దాని పక్క రాళ్లన్నీ కదలాల్సి రావాలి. సందులోకి నీళ్లు దూరకూడదు.

మొదటి పనికి రాళ్లని జిగ్‌సా పజిల్ ముక్కల్లా చెక్కించాడు. ఒక రాయి తోక పక్కరాయి గాడిలో ఇరుక్కుంటుంది. తోక చివర వెడల్పు, మొదట్లో ఇరుకు. వడ్రంగులు పెట్టె మూలల్లో వేసే కీలు ఇదే, దాన్ని టన్నుల బరువున్న రాయికి తెచ్చాడు. వాలుగా ఉన్న బండని కూడా మెట్లుగా చెక్కి, ఆ మెట్లలోనే గాళ్లు కొట్టి, మొదటి వరస రాళ్లని బండకే కీలు పెట్టాడు. కింది వరసకీ పై వరసకీ మధ్య పాలరాతి మేకులు, ఓక్ చీలలు. ఒక్కో వరసని ముందు ప్లిమత్ దగ్గర మిల్‌బే యార్డులో పేర్చి, సరిగ్గా కుదిరిందని చూసుకుని, గుర్తులు పెట్టి, విప్పి, అప్పుడే పడవెక్కించేవారు. నడిసముద్రంలో ఉలి పట్టుకుని సరిచేసుకునే తీరిక ఉండదు. బయటివైపు కార్న్‌వాల్ గ్రానైట్, లోపల పోర్ట్‌లాండ్ సున్నపురాయి. బయట కూడా పోర్ట్‌లాండ్ వాడితే చెక్కడం సులువు, ఖర్చు తక్కువ. కానీ సున్నపురాయిని తొలిచే సముద్రపు ఆల్చిప్పలున్నాయి. కలపకి పట్టిన గతే దానికీ పట్టేది.

రెండో పని ఇంకా కష్టం. మామూలు సున్నం గట్టిపడటానికి గాలి కావాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడుని మెల్లగా పీల్చుకుంటూ వారాలూ నెలలూ పట్టి రాయవుతుంది. నీళ్లలో పెడితే గట్టిపడదు, కరిగి కొట్టుకుపోతుంది. ఎడిస్టోన్ మీద మళ్లీ పోటు వచ్చేదాకా ఉన్న వ్యవధి కొన్ని గంటలు. ఆలోపు అతుకు నిలదొక్కుకోవాలి, ఆ తర్వాత నీళ్లలోనే గట్టిపడుతూ పోవాలి.

గట్టి సున్నపురాయిని కాలిస్తే గట్టి సున్నం వస్తుందన్నది అప్పటిదాకా మేస్త్రీల నమ్మకం. 1756లో స్మీటన్ ప్లిమత్‌లో కూర్చుని ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టాడు. రకరకాల ఊళ్ల సున్నపురాళ్లు తెప్పించి, కాల్చి, తడిపి, చిన్న ఉండలు చేసి నీళ్లలో వేశాడు. కొన్ని విచ్చుకుపోయాయి, కొన్ని గట్టిపడ్డాయి. రాయి గట్టిదనానికీ దీనికీ సంబంధమే లేదు. మరి తేడా ఎక్కడుంది? రాళ్లని నైట్రిక్ ఆమ్లంలో వేసి చూశాడు. సున్నం భాగం కరిగిపోతుంది, కరగనిది అడుగున మిగులుతుంది. నీళ్లలో గట్టిపడే ప్రతి రాయిలోనూ అడుగున బంకమన్ను మిగిలింది. స్వచ్ఛమైన సున్నపురాయి కన్నా మట్టి కలిసిన రాయే ఈ పనికి మేలన్నమాట. కాల్చినప్పుడు మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి, నీళ్లు తగిలితే గట్టిపడే పదార్థాలు తయారవుతాయని ఇప్పుడు మనం వివరించగలం. స్మీటన్‌కి ఆ రసాయనం తెలియదు. ఏది పనిచేస్తుందో, అందులో ఏం ఉందో మాత్రం పట్టుకున్నాడు.

చివరికి వేల్స్‌లోని అబెర్థా సున్నాన్నీ, ఇటలీలో చివిటవెక్కియా నుంచి వచ్చిన పొజోలానా అనే అగ్నిపర్వతపు బూడిదమట్టినీ సమపాళ్లలో కలిపాడు. ఆ పొజోలానా దొరకడం కూడా అదృష్టమే. వెస్ట్‌మినిస్టర్ వంతెన కట్టేవాళ్లు కొంటారని ప్లిమత్ వర్తకుడొకడు తెప్పించి, వాళ్లు వద్దంటే గోదాములో పడేసుకుని ఉన్నాడు.

ఇదేదో విదేశీ విద్య అనుకోనక్కర్లేదు. మన పాత ఇళ్లకీ చెరువు తూములకీ వాడిన గానుగ సున్నంలో ఇటుక పొడి, అదే సుర్కీ, కలిపింది ఇందుకే. కాల్చిన మట్టి సున్నంతో కలిస్తే తడిలోనూ గట్టిపడుతుంది. ఎద్దుల గానుగ తోలిన మేస్త్రీకి అనుభవం చెప్పిన సంగతే అది. స్మీటన్ చేసిందల్లా ఎందుకు అని అడిగి, ఆమ్లంతో తేల్చి, రాసిపెట్టడం. ఆ రాసిపెట్టడం వల్లనే తర్వాతి తరం అక్కడి నుంచి ముందుకెళ్లింది. 1824లో లీడ్స్‌వాడే జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు తీసుకున్నాడు. స్మీటన్ నుంచి ఆస్ప్‌డిన్ దాకా నేరుగా ఒక్కటే దారి ఉందని చెప్పలేం, మధ్యలో చాలామంది చేతులు పడ్డాయి. కానీ మట్టి కలిసిన సున్నంలోనే కిటుకుందని తేల్చింది మాత్రం ఎడిస్టోన్ పనే.

1757 జూన్ 12న మొదటి రాయి పడింది. బరువు రెండు టన్నుల పైమాటే. పనివాళ్లు రెండు జట్లు, వారం వారం మారేవారు. బండ చెక్కడానికి కార్న్‌వాల్ తగరపు గనుల కూలీలు వచ్చారు. దగ్గర్లో ఒక ఓడకి లంగరేసి అందులోనే పడుకునేవారు. అది ఏడేళ్ల యుద్ధకాలం. కండ ఉన్న మగవాడు రేవులో కనబడితే నేవీ బలవంతంగా ఓడెక్కించుకుపోయేది. ఎడిస్టోన్ పనివాళ్లకి అలా పట్టుకెళ్లకుండా గుర్తింపు బిళ్లలు ఇచ్చారు. స్మీటన్ కూడా వాళ్లతో పాటే బండ మీద ఉండేవాడు. ఒక రోజు కాలుజారి కింది రాళ్ల మీద పడి బొటనవేలు కీలు తప్పితే, డాక్టరు అందుబాటులో లేక తనే లాగి సరిచేసుకున్నాడు.

1759 ఆగస్టులో రాతిపని ముగిసింది. మొత్తం 1,493 రాళ్లు, ఎత్తు 22 మీటర్లు. అక్టోబరు 16న 24 కొవ్వొత్తులు వెలిగాయి. ఇంత స్తంభం కట్టి పైన కొవ్వొత్తులా అనిపిస్తుంది. 1810 దాకా అవే. తర్వాత నూనె దీపాలూ అద్దాలూ వచ్చాయి.

ఇప్పుడు చెట్టు సంగతి. అడుగు వెడల్పు దాదాపు 8 మీటర్లు, పైన 5. మధ్యలో వంపు తిరిగిన ఆకారం. ఓక్ మానుని చూసే ఆ వంపు తోచిందని స్మీటనే రాశాడు, కాబట్టి కథ అబద్ధం కాదు. అడుగు లావుగా ఉంటే బరువు కిందికి దిగుతుంది, అదీ నిజమే. కానీ చెట్టు గాలిని తట్టుకునేది వేళ్లతో పట్టుకుని, వంగి. రాతి స్తంభం తట్టుకునేది బరువుతో, వంగకుండా. రెండింటికీ పొంతన లేదని తర్వాతి తరం ఇంజినీర్లు గుర్తించారు. పైగా నీటిమట్టం దగ్గర ఆ నున్నటి వంపు అలకి నిచ్చెనలా పనికొచ్చింది. పెద్ద తుఫానుల్లో నీళ్లు గోడవెంట ఎగబాకి దీపం పైదాకా వెళ్లేవి. మొదటి చలికాలాల్లో తుఫాను వెలిసిన ప్రతి ఉదయం స్మీటన్ ప్లిమత్ హో అనే మిట్ట మీదికి వెళ్లి, టెలిస్కోపులో చూస్తూ నిలబడేవాడట. ముందు తెల్లటి నీటి తెర, అది పడ్డాక స్తంభం.

స్తంభానికి ఏమీ కాలేదు. 1870ల చివరికి కాపలాదార్లు పెద్ద అల కొట్టినప్పుడల్లా కట్టడం వణుకుతోందని చెబుతూ వచ్చారు. పరీక్షిస్తే రాళ్లు బాగున్నాయి, అతుకులు బాగున్నాయి. వాటి కింద ఉన్న సహజమైన బండని సముద్రం తొలిచేసింది. స్మీటన్ ఎంత జాగ్రత్తగా కట్టినా, దేవుడిచ్చిన పునాదికి ఆయన కీలు పెట్టలేడు కదా.

నాలుగోదాన్ని జేమ్స్ డగ్లస్ కట్టాడు. 1878లో మొదలుపెట్టి, పాత స్తంభానికి దాదాపు 36 మీటర్ల దూరంలో, గట్టిగా ఉన్న వేరే బండని ఎంచుకున్నాడు. అది చాలాసేపు నీటి కిందే ఉండే బండ. దాని చుట్టూ ఇటుకతో గుండ్రటి ఆనకట్ట కట్టి, లోపలి నీళ్లు పంపులతో తోడి పనిచేయించాడు. స్మీటన్‌కి లేనివి ఆవిరి యంత్రాలు, స్టీమరు. రాళ్లు 2,171, బరువు 4,668 టన్నులు. పక్కరాళ్లతోనే కాక పైరాయికీ కిందిరాయికీ కూడా కీలు పెట్టాడు. ఆకారంలో మాత్రం స్మీటన్‌ని పూర్తిగా అనుసరించలేదు. అడుగున 13 మీటర్లకు పైగా వెడల్పున్న నిట్టనిలువు సిలిండరు, దాని మీద కాస్త లోపలికి జరిపి వంపు తిరిగిన స్తంభం. వచ్చిన అల ముందు ఈ సిలిండరుకి కొట్టుకుని విరిగిపోతుంది, ఎగబాకడానికి దారి దొరకదు. పడవ దిగడానికి అరుగు కూడా అదే. 49 మీటర్ల ఎత్తుతో, 1882 మే 18న దీపం వెలిగింది.

పాతదాన్ని కూల్చేస్తారంటే ప్లిమత్ జనం ఒప్పుకోలేదు. చందాలు వేసుకుని, పై భాగాన్ని రాయి రాయీ విప్పించి తెచ్చి, 1884లో హో మీద కొత్త గ్రానైట్ పీఠంపై మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు టికెట్టు కొని 93 మెట్లు ఎక్కొచ్చు. ఎరుపు తెలుపు పట్టీలతో ఫొటోలకి బాగుంటుంది. అయితే అక్కడ కనబడేది చెట్టు ఆకారమే. గుల్ల లేకుండా కట్టిన అడుగు భాగాన్ని, బండలోకి కీలు పెట్టిన ఆ వరసల్ని ఎవరూ తేలేకపోయారు. ఆ మొద్దు ఇంకా సముద్రంలోనే, కొత్త స్తంభం పక్కనే ఉంది. బండ పనికిరాదని వదిలేసి 140 ఏళ్లు దాటినా అది పడలేదు. అల కొట్టే పొడుగు స్తంభం పైనుంచి తీసేశాక, బండ మీద పడే ఒత్తిడి బాగా తగ్గింది మరి.

డగ్లస్ స్తంభంలో కాపలాదార్లు సరిగ్గా వందేళ్లు ఉన్నారు. వాళ్లకి టెన్షన్ అంతా డ్యూటీ మారే రోజునే. కింద ఎగిరే పడవలోంచి తాడు పట్టుకుని పైకి రావాలి, సముద్రం బాగోకపోతే ఇంటికెళ్లే తేదీ వాయిదాల మీద వాయిదాలు. 1980లో దీపం గది నెత్తిన హెలిప్యాడ్ కట్టారు. 1982 మే 18న, వెలిగించిన తేదీ నాడే, ఆటోమేటిక్ చేసి మనుషుల్ని దింపేశారు. 1999 నుంచి సోలార్ కరెంటు. పది సెకన్లకి రెండుసార్లు మెరిసే తెల్ల దీపంతో పాటు, వాయవ్యంగా ఉన్న హ్యాండ్ డీప్స్ అనే మరో మునిగిన బండ వైపు మాత్రమే కనబడేలా ఒక ఎర్ర దీపం కూడా పెట్టారు. ఆ బండ మీద ఎవరూ ఏమీ కట్టలేదు, ఈ స్తంభమే దానికీ కాపలా కాస్తోంది.